గుండె గడియారం కాదు

మన సంఘం కుటుంబాల్లో గత నాలుగేళ్ళలో గుండెకి ఆపరేషను అయిన ఇళ్ళు నాకు తెలిసినవే అయిదున్నాయి. అందులో మాదొకటి. ఇద్దరు ఇండియా నుంచి మనవల్ని చూసిపోదామని వచ్చిన పెద్దవాళ్ళు. మిగిలిన ముగ్గురం నలభైల్లో, యాభైల్లో ఉన్నవాళ్ళం. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన వారం లోపల ఈ అయిదిళ్ళలోనూ ఒకే ప్రశ్న లేచింది: "వాచీలో హెచ్.ఆర్.వి. ఇంత తక్కువ చూపిస్తోందేమిటి?"

సావనీరుకి ఏదైనా రాయమని సంపాదకులు అడిగినప్పుడు, కవిత్వం నా వల్ల కాదు గనక, ఈ ప్రశ్నకి నాకు దొరికిన జవాబు రాస్తానన్నాను. నేను డాక్టర్ని కాను. వరంగల్ ఆర్.ఇ.సి.లో చదువుకున్న కంట్రోల్ సిస్టమ్స్ ఇంజనీర్ని. 2024 మార్చిలో, నా 46వ ఏట, మూడు రక్తనాళాలకి బైపాసు చేశారు. ఇందులో వైద్యానికి సంబంధించిన సంగతుల్ని మన సంఘంలోనే ఉన్న ఒక హృద్రోగ నిపుణుడు చదివి సరిచూశారు.

ముందు ఆ అంకె ఏమిటో చూద్దాం. నిమిషానికి 60 సార్లు కొట్టుకునే గుండె కచ్చితంగా సెకండుకొకసారి కొట్టుకుంటుందని మనం అనుకుంటాం. ఆరోగ్యంగా ఉన్న ఏ గుండే అలా కొట్టుకోదు. ఒక స్పందనకీ మరో స్పందనకీ మధ్య ఒకసారి 960 మిల్లీసెకండ్లు, ఆ తర్వాత 1030, ఆ తర్వాత 995, ఇలా ప్రతిసారీ కొంత తేడా ఉంటుంది. ఆ తేడాల కొలతే హార్ట్ రేట్ వేరియబిలిటీ. పొడుగు పేరు పలకలేక అందరూ హెచ్.ఆర్.వి. అంటున్నారు.

దీన్ని తెలుసుకోవడానికి వాచీ అక్కరలేదు. మణికట్టు మీద వేళ్ళు ఆనించి నెమ్మదిగా గాలి పీల్చండి, ఇంకా నెమ్మదిగా వదలండి. పీల్చేటప్పుడు నాడి కాస్త తొందరపడుతుంది, వదిలేటప్పుడు నిదానిస్తుంది. ఇంట్లో పదేళ్ళ పిల్లలుంటే వాళ్ళ చెయ్యి పట్టుకుని చూడండి, మరీ స్పష్టంగా తెలుస్తుంది. వయసు పెరిగినకొద్దీ ఇది తగ్గుతుంది. కార్ల్ లుడ్విగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఊపిరికీ నాడికీ ఉన్న ఈ సంబంధాన్ని 1847లోనే తిరిగే డ్రమ్ము మీద గీతలు గీయించి చూపించాడు.

గుండె కుడి కర్ణిక గోడలో సైనస్ నోడ్ అనే చిన్న కణజాలం ఉంది. తెలుగు మీడియంలో చదివిన వాళ్ళకి సిరాకర్ణిక కణుపు అంటే గుర్తొస్తుందేమో. దాని మానాన దాన్ని వదిలేస్తే గుండెని నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టిస్తుంది. మనం ఊరికే కూర్చున్నప్పుడు నాడి 65, 70 దగ్గర ఉండడానికి కారణం వేగస్ అనే నాడి. మెదడు అడుగు నుంచి బయల్దేరి మెడ మీదుగా దిగి, బండివాడు ఎద్దుని పగ్గంతో ఆపినట్టు, గుండెని ఆపి పట్టుకుంటుంది. సింపథెటిక్ నాడులది దీనికి ఎదురు పని. మెట్లెక్కినా, భయపడినా, పిల్లల రిపోర్టు కార్డు చూసినా గుండెని అదిలించేవి అవే. వేగస్ కబురు గుండెకి దాదాపు ఒక స్పందన వ్యవధిలో చేరుతుంది. సింపథెటిక్ కబురుకి కొన్ని సెకండ్లు పడుతుంది. అందుకే స్పందనకీ స్పందనకీ మధ్య కనిపించే తేడాల్లో ఎక్కువ భాగం వేగస్ చలవే.

వేగస్ గుండెతో ఎలా మాట్లాడుతుందో కనిపెట్టినాయన కథ చెప్పకుండా ఉండలేను. ఆస్ట్రియాలో ఓటో లోవీ అనే ఆచార్యుడికి ఒక రాత్రి కలలో ఒక ప్రయోగం తోచింది. లేచి కాగితం మీద గిలికి పడుకున్నాడు. తెల్లారి చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. మర్నాడు రాత్రి మళ్ళీ అదే కల. ఈసారి రాసుకోకుండా తిన్నగా ప్రయోగశాలకి పోయాడు. ఒక కప్ప గుండెని ఉప్పునీళ్ళలో ఉంచి దాని వేగస్‌ని ప్రేరేపించాడు. గుండె నిదానించింది. ఆ నీళ్ళు తీసి రెండో కప్ప గుండె మీద పోస్తే, ఏ నాడీ ముట్టుకోకుండానే అదీ నిదానించింది. నాడి చివర ఏదో రసాయనం ఊరుతోందని తేలింది. తర్వాత తేలిన దాని పేరు అసిటైల్‌కోలిన్. ప్రయోగం 1921లో అచ్చయింది, నోబెల్ బహుమతి 1936లో వచ్చింది. 1938లో నాజీలు ఆయన్ని జైల్లో పెట్టి, ఆ బహుమతి డబ్బు రాయించుకుని, దేశం నుంచి వెళ్ళగొట్టారు. 1940లో న్యూయార్కు చేరి, ఇక్కడే పౌరుడై, 1961లో ఇక్కడే పోయాడు. ఆయనా మనలాగే వలస వచ్చినవాడే. కాకపోతే మనలా ఇష్టపడి రాలేదు.

ఇప్పుడు ఇంజనీరు కళ్ళతో ఒక మాట. మనింట్లో థెర్మోస్టాట్ పని చేస్తోందని మనకెలా తెలుస్తుంది? తలుపు తీసినప్పుడల్లా, పొయ్యి వెలిగించినప్పుడల్లా ఫర్నేసు ఆగుతూ, అంటుకుంటూ ఉంటుంది గనక. ఏం జరిగినా ఫర్నేసు ఒకేలా నడుస్తోందంటే తీగ ఎక్కడో ఊడిందని అనుమానించాలి. ఒంట్లో ఊపిరి, కూర్చోవడం, లేవడం, తినడం, ఆలోచించడం ఎప్పుడూ ఆగవు. వాటికి తగ్గట్టు గుండె వేగం క్షణక్షణం సర్దుకుంటూ ఉండాలి. సర్దుబాటు కనపడలేదంటే తీగ సంగతి చూడాలి. గుండె మార్పిడి చేయించుకున్న వాళ్ళలో ఇది తేటతెల్లంగా కనిపిస్తుంది. ఎవరి గుండెనో తెచ్చి అమర్చేటప్పుడు నాడులన్నీ తెగిపోతాయి. ఆ గుండె కూర్చున్నా పడుకున్నా నిమిషానికి 90 నుంచి 110 సార్లు, దాదాపు గడియారంలాగే కొట్టుకుంటుంది. రక్తాన్ని చక్కగానే పంపు చేస్తుంది గానీ పగ్గం పట్టేవాడు లేడు.

బైపాసులో నాడులు అలా పూర్తిగా తెగవు. అయితే జరిగేది తక్కువేం కాదు. 1953లో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ హార్ట్-లంగ్ మెషిన్‌తో మొదటిసారి విజయవంతంగా ఆపరేషను చేసినప్పటి నుంచీ, 1967లో క్లీవ్‌లండ్‌లో ఫావలోరో కాలి సిరతో బైపాసు వేసినప్పటి నుంచీ పద్ధతి స్థూలంగా అదే. రొమ్ము ఎముకని నిలువునా కోస్తారు. గుండె చుట్టూ ఉన్న సంచీని తెరుస్తారు. మెషిన్ గొట్టాన్ని కుడి కర్ణికలోకి, అంటే సైనస్ నోడ్ ఇరుగుపొరుగులోకే, దింపుతారు. పొటాషియం ద్రావణంతో గుండెని ఆపి చల్లబరుస్తారు. వేగస్ కొసలు ముడిపడి ఉండే కొవ్వు పొరలు అక్కడే ఉంటాయి. అవన్నీ కదిలిపోతాయి, కములుతాయి. తర్వాత మత్తుమందు, నొప్పి, ఒళ్ళంతా వాపు, రక్తహీనత, నిద్రలేమి. ఛాతీ నొప్పికి ఊపిరి కూడా పైపైనే ఆడుతుంది. ఊపిరితో వచ్చే హెచ్చుతగ్గు అక్కడ సగం పోతుంది. ఇన్నీ కలిసి సింపథెటిక్ నాడుల్ని రెచ్చగొట్టి వేగస్ గొంతు నొక్కేస్తాయి. ఆపరేషను అయిన మొదటి రోజుల్లో హెచ్.ఆర్.వి. పాతాళానికి పడిపోవడం రోగి తప్పూ కాదు, సర్జను తప్పూ కాదు. వారాల తరబడి తక్కువగానే ఉండి, చాలామందిలో రెండు మూడు నెలల నుంచి ఆరు నెలల లోపు మెల్లగా తేరుకుంటుంది. డయాబెటీసు ముదిరి నాడులు అంతకుముందే దెబ్బతిన్న వాళ్ళలో మాత్రం అంతగా తేరుకోకపోవచ్చు.

నా సంగతే చెబుతాను. ఆపరేషనుకి ముందు నా వాచీ 35కి అటూ ఇటూ చూపించేది. ఇంటికొచ్చిన మొదటి వారం 8, 11, 9. కూర్చుని ఉండగా నాడి 92. ఇంటికొచ్చిన నాలుగో రాత్రి రెండు గంటలకి మా ఆవిడ లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. "ఏమండీ, 50 కంటే తక్కువైతే ప్రమాదం అయిదు రెట్లని రాశారు. మీది తొమ్మిదండీ" అంది. ఆ గొంతు నాకింకా గుర్తే.

ఆ 50 ఎక్కడిదో తెలిస్తే చాలా ఇళ్ళలో నిద్ర పడుతుంది గనక కాస్త వివరంగా చెబుతాను. 1987లో క్లైగర్, ఆయన సహచరులు హార్ట్ ఎటాక్ వచ్చి బతికి బయటపడిన 808 మందిని పరిశీలించి రాసిన పేపరు అది. ఒంటికి రికార్డరు కట్టి 24 గంటల పాటు ప్రతి స్పందననీ నమోదు చేసి, ఎస్.డి.ఎన్.ఎన్. అనే కొలత లెక్కగట్టారు. అది 50 మిల్లీసెకండ్ల లోపు ఉన్న వాళ్ళలో మరణాలు 100 దాటిన వాళ్ళ కంటే 5.3 రెట్లు ఎక్కువ కనిపించాయి. గొప్ప పరిశోధనే, సందేహం లేదు. కానీ అది 24 గంటల కొలత. పగలూ రాత్రీ, నడకా నిద్రా అన్నీ కలిసిన లెక్క గనక పెద్దగా వస్తుంది. 1996లో యూరప్, ఉత్తర అమెరికా హృద్రోగ సంఘాలు కలిసి ప్రకటించిన ప్రమాణాల్లో ఆరోగ్యవంతుల 24 గంటల సగటు 141. మన వాచీ తీసేది నిమిషం ముక్క. పైగా అన్ని వాచీలదీ ఒక లెక్క కాదు. ఆపిల్ వాచీ చూపించేది చిన్న ముక్కల మీద ఎస్.డి.ఎన్.ఎన్. ఊరా ఉంగరం, ఫిట్‌బిట్, గార్మిన్ లాంటివి నిద్రలో ఆర్.ఎమ్.ఎస్.ఎస్.డి. అనే వేరే కొలత తీస్తాయి. గజాల్ని మీటర్లతో పోల్చి, మా బట్ట తక్కువైందని ఏడిస్తే ఎలా? అదీగాక ఆ 808 మందికీ వచ్చింది హార్ట్ ఎటాక్, బైపాసు కాదు. ఆపరేషను దెబ్బకి పడిపోయిన అంకెకి ఆ పేపరులోని జోస్యాన్ని అంటగట్టకూడదు.

పొద్దున్నే మా డాక్టరు మిత్రుడికి ఫోను చేస్తే ఆయన పేపర్ల జోలికే పోలేదు. "చెల్లెమ్మా, ఆయన నిన్న ఎంతసేపు నడిచాడు? రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడు? జ్వరం ఉందా? కాళ్ళు వాచాయా? బరువెంత? అవి చెప్పు. వాచీ సంగతి ఆరు వారాలయ్యాక మాట్లాడుకుందాం" అన్నాడు.

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. దాన్ని గురించి ఎవరూ చెప్పరు. అంకె పెరగడం ఎప్పుడూ శుభవార్తే కాదు. ఆసుపత్రిలో మూడోరోజు మధ్యాహ్నం నా అంకె ఉన్నట్టుండి 118కి ఎగిరింది. మా ఆవిడ మొహం వెలిగింది. రెండు నిమిషాల్లో ఇద్దరు నర్సులు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళ మానిటరు మోగింది, గుండె ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లోకి పోయింది. కర్ణికలు కొట్టుకోవడం మాని వణుకుతాయి. ఆ వణుకులో ఏ స్పందన ఎప్పుడొస్తుందో తెలియదు. తేడాలే కొలిచే వాచీకి అదంతా గొప్ప హెచ్.ఆర్.వి.గా కనిపిస్తుంది. బైపాసు అయిన వాళ్ళలో సుమారు మూడు నాలుగు వంతుల్లో ఒక వంతు మందికి ఇది వస్తుంది. ఎక్కువగా రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య. మందుకి లొంగుతుంది. నాకు ఆమియోడరోన్ ఎక్కిస్తే మర్నాడు తెల్లవారుజామున సర్దుకుంది. మృదంగ విద్వాంసుడు తాళంలో ఉంటూనే నడకలు మార్చడం వేరు, చిన్నపిల్లాడు మృదంగాన్ని బాదడం వేరు. రెండింటిలోనూ దెబ్బల మధ్య తేడా ఉంది. ఇంట్లో ఎవరికైనా అంకె ఒక్కసారిగా రెండింతలు మూడింతలై, గుండె దడగా, గతి తప్పినట్టు అనిపిస్తే సంతోషించకండి. డాక్టర్ని పిలవండి.

ఇక ఇంటిదగ్గర. హైస్కూల్లో చదువుతున్న మా అమ్మాయి రిఫ్రిజిరేటరు తలుపుకి గ్రాఫు కాగితం అంటించింది. రోజూ ఒక చుక్క పెట్టి, ఏడు రోజుల సగటుతో గీత గీసేది. చుక్కలు చిందరవందరగా పడేవి. ఒకరోజు 16, మర్నాడు 9. గీత మాత్రం నత్తలా పైకి పాకేది. ఆరు వారాలకి 17, మూడు నెలలకి 25, ఆరు నెలలకి 31. మా రంగంలో చెప్పాలంటే ఒక రోజు అంకె నాయిస్, సిగ్నల్ ఉండేది ఆ గీతలోనే. పొద్దున్నే అంకె చూసి ఆ రోజంతా దిగులుపడే వాళ్ళకి నేను ఇదే చెబుతున్నాను, ఏడు రోజుల సగటు తప్ప చూడొద్దని.

గీత కిందికి జారిన రోజులు కూడా ముచ్చటైనవే. ఒక ఆదివారం పరామర్శకి పద్నాలుగు మంది వచ్చారు. ప్రేమతోనే వచ్చారు, పులిహోరా ఆవకాయా గారెలూ తెచ్చారు. ఆపరేషను కథ మొదటి నుంచి చివరిదాకా నాలుగుసార్లు చెప్పాను. రాత్రి పడుకునేసరికి పదకొండున్నర. మర్నాటి చుక్క అట్టడుగున పడింది. ఊరగాయల ఉప్పుకి బరువు రెండు పౌన్లు పెరిగింది. మా అమ్మాయి ఆ చుక్క పక్కన "చుట్టాలు" అని రాసింది. చుట్టాలు రావద్దనను. ఇద్దరిద్దరుగా, అరగంట చొప్పున, ఉప్పు లేని వంటతో రండి. ఇంకా మంచిది, ఆ ఇంటి పిల్లల్ని స్కూలు నుంచి తీసుకొచ్చి దింపండి. మా వీధి చివర కుటుంబం ఆరు వారాలు ఆ పని చేశారు. పాల గాలను డబ్బాయే ఎనిమిది పౌన్ల పైన ఉంటుంది. పది పౌన్లు దాటి ఎత్తకూడదన్న రోజుల్లో, కారు నడపకూడదన్న రోజుల్లో, ఆ సాయం విలువ అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది.

మగవాళ్ళు చెప్పుకోని సంగతి ఒకటుంది. మూడో వారంలో నాకు ఏ కారణమూ లేకుండా ఏడుపొచ్చేది. టీవీలో పాత పాట వస్తే చాలు. గుండె ఆపరేషను తర్వాత దిగులు చాలామందికి వస్తుందనీ, దిగులుకీ తక్కువ హెచ్.ఆర్.వి.కీ సంబంధం ఉందనీ తర్వాత చదివాను. ఏది కారణమో ఏది ఫలితమో విడదీయడం కష్టం. రెండు మూడు వారాల్లో తగ్గకపోతే డాక్టరుకి చెప్పాలి. మందులున్నాయి, మాట్లాడే మనుషులున్నారు. ఇందులో పరువు పోయేదేం లేదు.

అంకె పెరగడానికి ఏం చెయ్యాలని అడుగుతారు. నాకు తెలిసినంతలో కార్డియాక్ రిహాబ్‌ని మించింది లేదు. వారానికి మూడు రోజులు, పన్నెండు వారాలు, మొత్తం 36 సార్లు. ఛాతీకి తీగలు అంటించి, నర్సు కళ్ళెదుట ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తారు. వ్యాయామంతో వేగస్ పట్టు తిరిగి బలపడుతుందని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. మెడికేరు దీనికి డబ్బిస్తుంది, చాలా ఇన్సూరెన్సులూ ఇస్తాయి. అయినా అర్హత ఉన్న వాళ్ళలో వెళ్ళేవాళ్ళు తక్కువ. మనవాళ్ళు ఇంకా తక్కువ వెళ్తారని నా అనుమానం. "ఇంట్లో నడుస్తున్నాంగా" అంటారు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళ విజిటర్ ఇన్సూరెన్సులో ఇది ఉంటుందని మాత్రం అనుకోకండి. ముందే అడిగి తెలుసుకోండి.

రెండోది ఊపిరి. రక్తపోటు మారిన సంగతి మెదడుకి చేరి, దానికి తగ్గట్టు రక్తనాళాలు సర్దుకునేసరికి దాదాపు అయిదు సెకండ్లు పడుతుంది. ఇంత ఆలస్యం ఉన్న ఫీడ్‌బాక్ లూప్ సుమారు పది సెకండ్లకొకసారి ఊగుతుంది. నాగ్‌రథ్, గోపాల్ పుస్తకం చదివిన వాళ్ళు కాగితం మీద గీసి చూసుకోవచ్చు. ఊపిరి కూడా పది సెకండ్లకొకటి చొప్పున, అంటే నిమిషానికి ఆరు, తీస్తే సరిగ్గా ఊగే సమయానికి ఉయ్యాల తోసినట్టవుతుంది. హెచ్చుతగ్గులు బాగా పెరుగుతాయి. ఇటలీలో బెర్నార్డి బృందం 2001లో దీని మీద ఒక చక్కని పేపరు రాసింది. లాటిన్‌లో మేరీమాత జపమాల చదివినా, "ఓం మణిపద్మే హుం" జపించినా ఊపిరి తనంతట తానే నిమిషానికి ఆరుకి దిగుతోందని 23 మంది ఆరోగ్యవంతుల్లో కొలిచి చూపించారు. అది చదివాక తెనాలిలో ఉన్న మా నాన్నగారి చేత ఫోనులో విష్ణు సహస్రనామం చదివించి ఊపిర్లు లెక్కపెట్టాను. నిమిషానికి ఆరు, ఏడు. "ఎందుకురా లెక్క, నువ్వూ చదవరాదూ" అన్నారాయన. నేను రోజుకి పది నిమిషాలు, మంత్రం లేకుండానే, ఆరు లెక్కన ఊపిరి తీస్తాను. ఎముక అతుక్కునే దాకా లోతుగా పీల్చడం నొప్పి. ఆ రోజుల్లో ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఊదుడు బొమ్మ లాంటి స్పైరోమీటరే గతి. దగ్గొచ్చినప్పుడు దిండు కావిలించుకోవడం మరిచిపోకండి.

మందుల మాట కూడా ఒకటి. మెటోప్రోలాల్ లాంటి బీటా బ్లాకర్లు సింపథెటిక్ కేకల్ని తగ్గిస్తాయి. నాడి నిదానిస్తుంది, హెచ్.ఆర్.వి. కొంత పెరగొచ్చు. అంకె పెరిగింది కదా అని మందు మానేసిన ఆయన ఒకాయన నాకు తెలుసు. పేరెందుకు గానీ, వాళ్ళావిడ వారంలో కనిపెట్టి మళ్ళీ మొదలెట్టించింది.

వాచీ చెప్పనివి, డాక్టరుకి తప్పక చెప్పవలసినవి కొన్నున్నాయి. ఒక్క రోజులో రెండు మూడు పౌన్లో, వారంలో అయిదు పౌన్లో బరువు పెరగడం. 101 డిగ్రీల జ్వరం. కుట్ల దగ్గర ఎరుపూ, చీమూ. దగ్గినప్పుడు రొమ్ము ఎముక కటుక్కుమనడం. పడుకుంటే ఆయాసం. ఛాతీ నొప్పి తిరిగి వచ్చినా, స్పృహ తప్పినా తిన్నగా 911.

ఇంకా ఆపరేషను దాకా రాని వాళ్ళకి ఒక మాట. 2018లో అమెరికా హృద్రోగ సంఘాలు ప్రకటించిన కొలెస్టరాల్ మార్గదర్శకాల్లో, దక్షిణాసియా సంతతి కావడాన్నే ముప్పు పెంచే కారణాల్లో ఒకటిగా రాశారు. నలభై దాటిన ప్రతివాళ్ళూ ఆ కాగితం సంగతి తమ డాక్టర్ని అడగండి. మన సంబరాలకి బూరెలు ఎలాగూ తింటాం.

నా 36 సార్లూ 2024 ఆగస్టులో అయిపోయాయి. ఇప్పుడు సొంత డబ్బు కట్టుకుని సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్న ఏడింటికి అదే జిమ్ముకి వెళ్తున్నాను. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళం ఇప్పటికి ఇద్దరమే. ఈమధ్య ఆపరేషనైన వాళ్ళెవరికైనా, మీ ఇంటికి వచ్చిన అమ్మానాన్నలకైనా, మొదటి రోజు తోడు కావలిస్తే సంఘం కార్యదర్శి గారికి చెప్పండి. కారులో వచ్చి ఎక్కించుకుంటాను.